నాలుగేళ్ల గేమ్ డిగ్రీ: పన్నెండేళ్లు వాడిన తరువాత

ఫోను కొన్న వారానికే సమీక్ష రాసేవాళ్లు ఉంటారు. నేను రాస్తున్నది 2009లో తీసుకున్న వస్తువు గురించి. పూర్తిగా చేతికి వచ్చేసరికి 2013 అయింది. అప్పటి నుంచి పన్నెండేళ్లుగా దాని మీదే బతుకుతున్నాను. వస్తువు పేరు గేమ్ డెవలప్‌మెంట్ డిగ్రీ. కాలం నాలుగేళ్లు. ఫీజు ముందే కట్టాలి. నచ్చకపోతే వాపసు తీసుకోరు.

కాలేజీ పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, నేను చదివిన సిలబస్ ఇప్పుడు అక్కడ కూడా లేదు. పైగా నా ఫిర్యాదుల్లో సగం ఆ ఒక్క కాలేజీ మీద కాదు, ఈ తరహా డిగ్రీ మీద.

ఇన్నాళ్లకు ఇది రాయడానికి కారణం మా పిన్ని కొడుకు. ఈ ఏడాది కాలేజీలో చేరాలి. బల్ల మీద రెండు దరఖాస్తులు పెట్టుకుని కూర్చున్నాడు, ఒకటి గేమ్ డిగ్రీకి, ఇంకొకటి కంప్యూటర్ సైన్స్‌కు. "అక్కా, గేమ్స్ చేయాలంటే ఏది చదవాలి? ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. అరగంట మాట్లాడాను. మొదటి పావుగంటలో చెప్పినదానికీ రెండో పావుగంటలో చెప్పినదానికీ పొంతన లేదని వాడే ఎత్తి చూపించాడు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

తొందరలో ఉన్నవాళ్ల కోసం మార్కులు ముందే వేసేస్తాను: అయిదుకు మూడు. అందులో రెండు ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు, ఒకటి మాకు గణితం చెప్పిన మేడమ్‌కు. మిగిలినదానికి మార్కులే లేవా అంటే, ఉండేవి. కాలం కొట్టేసింది.

ఎలా కొట్టేసిందో చెబుతాను. మొదటి సంవత్సరం మాకు ఫ్లాష్ నేర్పారు. బ్రౌజర్‌లో ఆడే ఆట అంటే అప్పట్లో ఫ్లాషే. ఫ్లాష్ భాష అయిన యాక్షన్‌స్క్రిప్ట్‌లో చిన్న చిన్న ఆటలు రాసి ఇంట్లో అందరిచేతా ఆడించేదాన్ని. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది. నా మొదటి సంవత్సరం కష్టాన్ని ఇప్పుడు ఏ మామూలు బ్రౌజరూ తెరవదు. రెండో సంవత్సరం మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌ఎన్‌ఏ. చక్కటి సాధనం, సి షార్ప్ భాష నాకు అలవాటయింది దాని వల్లే. మేం ఇంకా పట్టా పుచ్చుకోకముందే, 2013 మొదట్లో, దాన్ని ఇక ముందుకు తీసుకువెళ్లబోమని మైక్రోసాఫ్ట్ తేల్చేసింది. మూడో సంవత్సరం యూనిటీ అనే గేమ్ ఇంజన్‌కు, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు మారాం. యూనిటీ ఇప్పటికీ ఉంది, నేను రోజూ వాడేదీ అదే. కానీ మాకు అందులో నేర్పిన భాష యూనిటీస్క్రిప్ట్. 2017లో ఆ భాషను వదిలేస్తున్నామని ఆ కంపెనీయే ప్రకటించింది. మూడేళ్లలో మూడు నేర్చుకున్నాం, మూడింటికీ నూకలు చెల్లాయి.

ఇది మా అధ్యాపకుల తప్పు అనను. సిలబస్ రాసేనాటికి పరిశ్రమలో నడుస్తున్నవి అవే. తప్పు ఎక్కడంటే, సాధనాన్నే పాఠం చేసేశారు. ఏ మెనూ ఎక్కడుంది, ఏది నొక్కితే ఏ ప్యానెల్ తెరుచుకుంటుంది, పరీక్షల్లో కూడా ఇదే అడిగేవాళ్లు. ఒక ప్రశ్నపత్రంలో ఆ సాఫ్ట్‌వేర్ తెర బొమ్మ ఇచ్చి భాగాలు గుర్తించమన్నారు, జీవశాస్త్రంలో కప్ప బొమ్మ ఇచ్చినట్టు. పదికి పది తెచ్చుకున్నాను. ఆ కప్ప ఇప్పుడు లేదు.

ఇక గణితం మేడమ్. ఆవిడ జన్మలో ఒక్క గేమ్ కూడా ఆడి ఉండరు. జాయ్‌స్టిక్‌ను తలకిందులుగా పట్టుకోవడం నా కళ్లారా చూశాను. రెండు సెమిస్టర్లు తప్పనిసరి, మూడోది ఐచ్ఛికం. అరవై మందిలో తొమ్మిది మందిమే మూడోది తీసుకున్నాం. నేనూ ఏదో తపనతో తీసుకోలేదు, ఆ వేళకు ఇంకో క్లాసు కుదరక తీసుకున్నాను.

ఒకరోజు ఆవిడ బోర్డు మీద ఒక కాపలావాణ్ణి గీశారు. వాడి ముఖం ఎటు ఉందో ఒక బాణం. వాడి దగ్గర నుంచి ఆటగాడి వైపు ఇంకో బాణం. "కాపలావాడికి వీడు కనిపిస్తున్నాడా లేదా, ఎలా చెబుతారు?" అని అడిగారు. కోణం కనుక్కుంటామని అందరం ఒకే గొంతుతో అన్నాం. ఎలా కనుక్కుంటారంటే ఎవరికీ తెలియదు. ఆవిడ రెండు బాణాల పొడవునూ ఒకటికి కుదించి, వాటి డాట్ ప్రొడక్ట్ తీశారు, అంటే రెండింటి అంకెలను జతజతగా గుణించి కూడారు. ఆటగాడు సరిగ్గా ఎదురుగా ఉంటే వచ్చేది 1. నేరుగా పక్కన ఉంటే 0. వీపు వెనక ఉంటే -1. కాపలావాడికి కుడివైపు అరవై, ఎడమవైపు అరవై డిగ్రీల చూపు ఇవ్వాలనుకుంటే, వచ్చిన సంఖ్య 0.5 కన్నా ఎక్కువా తక్కువా అని చూస్తే చాలు. కోణం అసలు కనుక్కోనే అక్కరలేదు. మూడు గుణకారాలు, రెండు కూడికలు, ఒక పోలిక.

ఆ ఒక్క వరుస కోడ్‌ను అప్పటి నుంచి ఎన్ని వందలసార్లు రాశానో లెక్క లేదు. తలుపును తోసినవాడు ఏ వైపు నిలబడ్డాడు, కత్తి దెబ్బ వెనక నుంచి తగిలిందా ముందు నుంచా, కారు రోడ్డు మీద సరైన దిశలోనే వెళుతోందా, అన్నిటికీ అదే. అదే సెమిస్టరులో క్వాటర్నియన్లు చెప్పారు, వస్తువులను తిప్పడానికి వాడే నాలుగేసి సంఖ్యల గణితం. 1843లో హామిల్టన్ అనే గణిత శాస్త్రవేత్తకు డబ్లిన్‌లో కాలువ గట్టున నడుస్తుండగా తట్టిన సూత్రం, దాన్ని అక్కడి వంతెన రాతి మీద చెక్కాడట. అప్పుడు మాకు అది పరీక్ష కోసం బట్టీ పట్టే గొడవ. ఇవాళ యూనిటీలో గాని, అన్‌రియల్ అనే ఇంకో ఇంజన్‌లో గాని, ఒక వస్తువును తిప్పినప్పుడల్లా లోపల నడిచేది అదే. నా నోటు పుస్తకాల్లో ఇప్పటికీ తెరిచి చూసేది ఒక్క గణితం పుస్తకమే. మిగతావి ఎక్కడున్నాయో కూడా తెలియదు.

ఈ వస్తువులో అసలు లేనిదేమిటో మాకు చదువుతున్నంత కాలం తెలియలేదు. మొదటి ఇంటర్వ్యూలో తెలిసింది. "తెర మీద అయిదు వేల వస్తువులు కదులుతున్నాయి. ఏది దేనికి తగిలిందో ఎలా కనుక్కుంటారు?" అని అడిగారు. "ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోల్చి చూస్తాను" అన్నాను, ధీమాగా. ఆయన కాగితం నా వైపు జరిపి, ఎన్ని పోలికలో లెక్క వేయమన్నారు. 5,000ను 4,999తో గుణించి సగం చేస్తే 1,24,97,500. సెకనుకు అరవై ఫ్రేములు, అంటే అరవై బొమ్మలు, కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం ఎంత? 16.67 మిల్లీసెకన్లు. "అందులోనే బొమ్మ గీయాలి, శబ్దం వినిపించాలి, శత్రువులు ఆలోచించాలి. మీ కోటీ పాతిక లక్షల పోలికలు ఎక్కడ సర్దుతారు?" అని నవ్వుతూనే అడిగారు. నేను సర్దలేదు.

మైదానాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక వస్తువును దాని గడిలోనూ చుట్టుపక్కల గళ్లలోనూ ఉన్నవాటితోనే పోల్చాలన్నది జవాబు. చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ డేటా స్ట్రక్చర్లు, అంటే కంప్యూటర్‌లో సమాచారాన్ని అమర్చే పద్ధతులు, ఒళ్లు వంచి చదివినవాళ్లకు అది అడగగానే తడుతుంది, మాకు తట్టలేదు. మా సిలబస్‌లో ఆ పేపరు ఒకే ఒక్క సెమిస్టరు, అదీ ఎక్స్‌ఎన్‌ఏ ల్యాబుతో కలిపి. ఆపరేటింగ్ సిస్టమ్స్ లేదు. నెట్‌వర్కులు లేవు. మెమరీ ఎలా పనిచేస్తుందో ఒక మధ్యాహ్నం చెప్పారు. నలుగురు కలిసి ఆడే గేమ్ చేయాలని కలలు కన్నవాళ్లం, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు సమాచారం ఎలా వెళుతుందో తెలియకుండా పట్టా పుచ్చుకున్నాం.

ఆ ఉద్యోగం రాలేదు. వచ్చింది టెస్టర్ ఉద్యోగం. తొమ్మిది నెలలు గోడలకు తల కొట్టుకున్నాను, అక్షరాలా. పాత్రను ప్రతి గోడకూ, ప్రతి మూలకూ గుద్దించి, ఎక్కడ అవతలికి దూరిపోతుందో రాసివ్వడం నా పని. పగలు గోడలు, రాత్రి సి ప్లస్ ప్లస్. డిగ్రీలో ఉండాల్సిన పాఠాలను డిగ్రీ అయిపోయాక, ఉద్యోగం చేస్తూ, నిద్ర మానుకుని చదివాను. ఇప్పుడు టూల్స్ ప్రోగ్రామర్‌ని. అంటే లెవెల్ డిజైనర్లు, ఆర్టిస్టులు వాడుకునే లోపలి పనిముట్లు తయారు చేస్తాను. ఆటగాళ్లు నా పనిని ఎప్పుడూ చూడరు. అందులో నాకు హాయి ఉంది.

ఇంత తిట్టాక ఆ రెండు మార్కుల సంగతి చెప్పాలి. నాలుగో సంవత్సరం ప్రాజెక్టుకు ఆరుగురిని కలిపారు. ఇద్దరం ప్రోగ్రామర్లం, ఇద్దరు ఆర్టిస్టులు, ఒక డిజైనర్, శబ్దం చూసుకునే అబ్బాయి. ఎనిమిది నెలలు. మొదటి సమావేశంలో పన్నెండు లెవెళ్లు అనుకున్నాం. సగం కాలం గడిచేసరికి ఏడు అయ్యాయి, చివరికి మూడు మిగిలాయి. ఆ తగ్గింపే అసలు పాఠం. ఒక ఆర్టిస్టు మూడు వారాలు కూర్చుని రెక్కల పామును చేసింది. పొలుసు పొలుసుకూ రంగు వేసింది. ఆ పాము ఉన్న లెవెల్‌ను తీసేయాలని చెప్పాల్సింది నేను. చెప్పాను. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు వచ్చి, "పాము తోకను మూడో లెవెల్‌లో తాడుగా వాడుకోవచ్చా?" అని అడిగింది. వాడుకున్నాం. మా గేమ్‌లో అందరూ మెచ్చుకున్నది ఆ తాడునే.

ప్రదర్శన రోజు పరువు పోయింది. మా ల్యాబులో మానిటర్లన్నీ సెకనుకు అరవై ఫ్రేములవి. ప్రదర్శనకు పెట్టింది కొత్త మానిటర్, 120ది. నేను పాత్రను ఫ్రేముకు అయిదు పిక్సెళ్లు జరిపేలా రాశాను. అరవై ఫ్రేములకు సెకనుకు 300 పిక్సెళ్లు. నూట ఇరవైకి 600. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మీట నొక్కగానే మా కథానాయకుడు పరుగెత్తుకుంటూ పోయి మొదటి గోతిలో పడ్డాడు. మళ్లీ నొక్కారు, మళ్లీ పడ్డాడు. మూడోసారి ఆయన మీట వదిలేసి నా వైపు చూశారు. కదలికను ఫ్రేములతో కాకుండా గడిచిన సమయంతో గుణించాలన్నది ఏ పుస్తకంలోనైనా మొదటి అధ్యాయమే. చదివాను కూడా. చదవడం వేరు, నలుగురి ముందు గోతిలో పడడం వేరు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. గీయాల్సినవి తగ్గి ప్రాసెసర్‌కు తెరిపి దొరకడం వల్ల జరిగింది అది, ఆ గేమ్ చేసిన నిషికాడో దాన్ని అలాగే ఉంచేశాడు. ఆయనకు అది ఆట అయింది. నాకు ఆరు మార్కులు పోయాయి.

ఈ ప్రాజెక్టు అనుభవం గేమ్ డిగ్రీలో తప్ప దొరకదా? నేను అడిగించుకోవాల్సిన ప్రశ్న ఇదే. ఇంత ఒత్తుగా, ఎనిమిది నెలల పాటు, ఆర్టిస్టులతో ఒకే గదిలో, మార్కుల భయంతో అయితే దొరకడం కష్టం. పలచగా అయితే ఎక్కడైనా దొరుకుతుంది. గేమ్ జాములని ఉంటాయి, అందరూ చేరి తక్కువ సమయంలో గేములు చేసే కార్యక్రమాలు. లుడమ్ డేర్ 2002 నుంచి, గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచి నడుస్తున్నాయి. కొద్ది రోజుల్లోనే ఒక గేమ్ పూర్తి చేయాలి. వృక్షశాస్త్రం చదివేవాళ్లు కూడా చేరవచ్చు. ఇప్పుడు నా పక్క సీటులో ఉన్న ప్రోగ్రామర్ కంప్యూటర్ సైన్స్ చదివాడు. కాలేజీలో ఉండగా అలాంటి జాముల్లో పదకొండు చిన్న గేములు పూర్తి చేశాడు. నేను డిగ్రీ మొత్తంలో పూర్తి చేసినవి అయిదు. నాకు రాత్రుళ్లు పట్టిన చదువు అతనికి క్లాసులో దొరికింది, నాకు క్లాసులో దొరికిన అనుభవం అతను సెలవుల్లో సంపాదించుకున్నాడు. ఎవరికి లాభమో మీరే చూసుకోండి. నేనైతే ఆ సంగతి ఆలోచించిన రోజున కాస్త చిరాకుగా ఉంటాను.

గేమ్ కాలేజీల ప్రచారంలో తప్పక వినిపించే కథ ఒకటుంది, అది నిజమే. అమెరికాలోని డిజిపెన్ కళాశాల విద్యార్థులు 2005లో నార్బాక్యులర్ డ్రాప్ అనే గేమ్ చేశారు. గోడల మీద ద్వారాలు తెరిచి ఒకదాంట్లో దూరితే ఇంకోదాంట్లోంచి బయటికి రావడం అందులో కిటుకు. వాల్వ్ కంపెనీ అది చూసి ఆ జట్టును ఉద్యోగాల్లోకి తీసుకుంది, అదే కిటుకుతో 2007లో పోర్టల్ అనే గేమ్ వచ్చింది. ఈ కథ చెప్పేవాళ్లు ఒక ముక్క మింగేస్తారు. డిజిపెన్ ప్రోగ్రామింగ్ డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ దండిగా ఉంటాయి. పేరులో గేమ్ ఉన్న ప్రతి డిగ్రీలోనూ అవి ఉండవు. మాదాంట్లో అంత దండిగా లేవు.

మా బ్యాచులో చాలామంది చేరింది డిజైనర్ అవుదామని. డిజైనర్ అంటే ఆలోచనలు చెప్పేవాడు, మిగతావాళ్లు చేసిపెట్టేవాళ్లు అనుకుని చేరారు. రెండో నెలలోనే ఆ భ్రమ తీరింది. ఒక గెంతును తీసుకోండి. మన పాత్ర మూడు మీటర్ల ఎత్తు ఎగరాలి, పైకి చేరడానికి 0.4 సెకన్లు పట్టాలి. ఎత్తును రెట్టింపు చేసి కాలం వర్గంతో భాగిస్తే గురుత్వం వస్తుంది: 37.5. నేలను వదిలేటప్పటి వేగం సెకనుకు 15 మీటర్లు. భూమి మీద నిజమైన గురుత్వం 9.8 కదా, అదే పెడదామని మా డిజైనర్ పట్టుబట్టాడు. పెట్టి చూశాం. పాత్ర గాలిబుడగలా తేలుతూ దిగింది, ఆడేవాళ్లకు ఆవలింతలు వచ్చాయి. నాలుగింతలు పెంచితే గాని చేతికి గెంతినట్టు అనిపించలేదు. ఆ తరువాత 36, 37, 38 అంటూ రెండు రోజులు కూర్చున్నాడు. ఆ రెండు రోజులూ విసుగు లేకుండా కూర్చోగలిగినవాడే డిజైనర్ అవుతాడు. అతను అయ్యాడు. మిగతా ఇరవై మందికి పైగా అక్కడే మనసు మార్చుకున్నారు. ఈ పని ఇలా ఉంటుందని ప్రాస్పెక్టస్‌లో ఒక్క ముక్క లేదు. అట్ట మీద మాత్రం హెడ్‌సెట్ పెట్టుకుని పిడికిలి బిగించిన కుర్రాడి ఫోటో ఉంది. నా పన్నెండేళ్ల ఉద్యోగంలో పిడికిలి బిగించినవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు. మౌస్ పట్టుకుని మణికట్టు నొక్కుకునేవాళ్లనే చూశాను.

ప్రసిద్ధులు ఏం చదివారో చూసి నిర్ణయించుకుందామనుకుంటే మతి పోతుంది. మారియోను సృష్టించిన మియమోటో చదివింది పారిశ్రామిక డిజైన్. మెటల్ గేర్ గేములు చేసిన కొజిమా అర్థశాస్త్రం. నింటెండో అధ్యక్షుడిగా పనిచేసిన ఇవాటా కంప్యూటర్ సైన్స్. అన్‌చార్టెడ్ గేముల కథలు రాసిన ఎమీ హెనిగ్ ఆంగ్ల సాహిత్యం. డూమ్ గేమ్ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ కాలేజీలో ఉన్నది రెండు సెమిస్టర్లు. స్టార్‌డ్యూ వ్యాలీ చేసిన ఎరిక్ బరోన్ కంప్యూటర్ సైన్స్ పట్టాతో ఉద్యోగం దొరకక, ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ తానే చేసి 2016లో విడుదల చేశాడు. ఈ జాబితా చూపించి "చూశావా, డిగ్రీతో పని లేదు" అనేవాళ్లు ప్రతి కాలేజీ క్యాంటీన్‌లోనూ ఒకరుంటారు. కార్మాక్‌లాగే మధ్యలో మానేసి కార్మాక్ కాలేకపోయినవాళ్ల జాబితా ఎవరూ వేయరు.

నా చుట్టూ ఉన్నవాళ్లను చూస్తే కొంత నయం. ఇంజన్ లోపలి పని చేసేవాళ్లు దాదాపు అందరూ కంప్యూటర్ సైన్స్, ఒకరిద్దరు భౌతికశాస్త్రం. పాత్రలను గీసేవాళ్లు చిత్రకళ చదివారు, ఇంటర్వ్యూలో వాళ్లను ఎవరూ డిగ్రీ అడగరు, మనిషి బొమ్మ గీసిన పుస్తకాలు అడుగుతారు. మా యానిమేటర్ ఒకావిడ నాట్యం నేర్చుకుంది, బరువు ఏ కాలి మీద ఉందో ఆవిడ కంటికి ఇట్టే దొరుకుతుంది. ఆర్టిస్టులకూ ప్రోగ్రామర్లకూ నడుమ నిలిచే టెక్నికల్ ఆర్టిస్టులకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఆ పనికి సరిగ్గా గేమ్ డిగ్రీయే బాగా పనికొచ్చింది, రెండు వైపుల భాషా వస్తుంది కనుక. ఇది నా డిగ్రీకి నేను మనస్ఫూర్తిగా ఇవ్వగలిగిన మెప్పు.

మార్కెట్ సంగతి దాచను. 2023లోనూ 2024లోనూ పెద్ద కంపెనీల్లో వేల ఉద్యోగాలు పోయాయి. మా ఆరుగురిలో ఇప్పుడు గేముల్లో ఉన్నది ఇద్దరమే. రెండో ప్రోగ్రామర్ డ్రైవింగ్ శిక్షణ సిమ్యులేటర్లు చేస్తున్నాడు. పాము చేసిన అమ్మాయి వైద్య విద్యార్థుల కోసం గుండె బొమ్మలు చేస్తోంది, త్రీడీలో. వాళ్లిద్దరికీ దారి దొరికింది పనితనం వల్ల. కానీ పట్టా మీద గేమ్ అన్న మాట చూసి, మొదటి రెండు మూడు చోట్ల బయోడేటా పక్కన పెట్టేశారని ఇద్దరూ చెప్పారు. కంప్యూటర్ సైన్స్ పట్టాకు ఆ ఇబ్బంది లేదు.

ఇంకా గేమ్ డిగ్రీయే కావాలనుకునేవాళ్లు కాలేజీకి వెళ్లినప్పుడు నునుపు ల్యాబులు చూసి మురిసిపోకండి. పోయిన ఏడాది ఆఖరి ప్రాజెక్టు ఒకటి చూపించమని అడిగి, ఆడండి. వీడియో చూపిస్తే ఊరుకోవద్దు. ప్రోగ్రామింగ్ విద్యార్థులూ ఆర్టు విద్యార్థులూ ఒకే జట్టులో పనిచేస్తారా లేదా అడగండి. విద్యార్థులు చేసిన గేమ్ హక్కులు ఎవరివో అడగండి, కొన్నిచోట్ల కాలేజీవి. లీనియర్ ఆల్జీబ్రా (ఆ బాణాల గణితం), డేటా స్ట్రక్చర్లు ఎన్ని సెమిస్టర్లో సిలబస్‌లో వెతకండి. పాఠం పేరులోనే సాఫ్ట్‌వేర్ పేరు ఉంటే నా కప్పను గుర్తు చేసుకోండి.

ఇక మా తమ్ముడు. వాడికి జవాబు చెప్పలేక ఒక పని అప్పగించాను. గోడో అనే ఇంజన్ ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. అందులో ఒక గది, రెండు గోడల మధ్య తిరిగే కాపలావాడు, ఒక తలుపు చేయమన్నాను. పది రోజులు గడువు. ఏ పని మీద ఎంతసేపు కూర్చున్నాడో రోజూ రాసుకోమన్నాను.

పది రోజుల తరువాత పంపాడు. కాపలావాడు గోడలోంచి నడిచి అవతలికి వెళ్లిపోతున్నాడు. గది అంతా ఒకే బూడిద రంగు. తలుపు మాత్రం... హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినమన్నాడు. మెల్లగా తోస్తే కిర్రుమంటుంది, గట్టిగా తోస్తే ఆ కిర్రు సగంలో తెగి దభాలున గోడకు తగిలిన చప్పుడు, ఆ చప్పుడు గదిలో ఒకలా, బయట నిలబడితే ఇంకోలా. చిట్టా చూశాను. కాపలావాడికి మూడు గంటలు. గదికి గంటన్నర. తలుపు చప్పుడుకు ముప్ఫై ఒక్క గంటలు. ఇంట్లో బీరువాలు, కిటికీలు అన్నీ రికార్డు చేశాడట.

ప్రోగ్రామింగ్ వైపు వెళితే ఆ కాపలావాడు గోడలోంచి వెళ్లిపోవడం వాడికి నిద్ర పట్టనివ్వకూడదు. వాడికి అది కనిపించను కూడా లేదు. బల్ల మీద ఉన్న రెండు దరఖాస్తుల్లో ఏదీ ఈ చెవికి సరిపోదు. శబ్ద సాంకేతికత చెప్పే కోర్సులు వేరే ఉన్నాయి, సిగ్నల్ ప్రాసెసింగ్ లోతుగా చదవాలంటే ఎలక్ట్రానిక్స్ ఉంది. ఈ రెండూ చూడమన్నాను.

నిన్న రాత్రి మళ్లీ ఫోను చేశాడు. తలుపు కదిలాక కాస్త ఆలస్యంగా చప్పుడు వస్తోందట, ఎందుకని అడిగాడు. యానిమేషన్‌లో ఏ ఫ్రేముకు శబ్దం తగిలించావో చూడమన్నాను. కాసేపు నిశ్శబ్దం. తరువాత వాడే కనిపెట్టాడు. రికార్డింగు మొదట్లో పదో వంతు సెకను ఖాళీ ఉంది, కత్తిరించడం మరిచిపోయాడు. "మళ్లీ రికార్డు చేస్తా, ఉండు" అని ఫోను కింద పెట్టాడు. బీరువా కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. ఆరోసారికి వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది: "ఒరేయ్, ఆ తలుపు ఊడి చేతికొస్తుందిరా!"

"అమ్మా, ఒక్క నిమిషం మాట్లాడకు, రికార్డవుతోంది" అన్నాడు వాడు.